మచ్చు చూపించని బావి

గుంటూరులో ఆదివారం మధ్యాహ్నాలు ఆడుకునే ఒక బృందం చెదిరిపోయే దశలో నన్ను పిలిచింది. ఐదుగురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్. నేను విజయవాడలో చాలాకాలంగా ఇవే ఆటలు నడుపుతున్నాను, కొత్తగా నడిపేవాళ్లకు సాహసాలు రాయడం నేర్పుతుంటాను. ఆరు వారాలు రైలెక్కి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. అందరి అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. మిర్చి యార్డు సంగతి మాత్రం మార్చలేదు. అది మారిస్తే ఇక చెప్పడానికి కేసే ఉండదు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వాళ్లు ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో మొదటిసారి అచ్చైంది. ఈ బృందం వాడేది 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలు. గేమ్ మాస్టర్ లోకాన్ని వర్ణిస్తాడు, ఆటగాళ్లు తలా ఒక పాత్రను నడుపుతారు, ఫలితం ఎటు తేలుతుందో తెలియనిచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఒకరు గెలిచి మరొకరు ఓడే ఆట కాదు. అయినా ఆ గదిలో అందరి నోటా ఒకటే మాట: "అన్యాయం."

బావి దగ్గర

గేమ్ మాస్టర్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం కుర్రాడు. శ్రద్ధ ఉంది, ఊహ ఉంది. అరువు తెచ్చుకున్న యూరప్ కోటల బదులు కొండవీటి కోటను తీసుకుని సాహసం రాశాడు. రెడ్డిరాజుల కాలం నాటి బావి, దాని అడుగున ఒక రాతి తలుపు, తలుపు వెనక నేలమాళిగ. వింటుంటే నాకే ఆడాలనిపించింది.

అతని కాగితాల్లో బావి ఘట్టం ఇలా ఉంది. లోతు 60 అడుగులు. దిగాలంటే ప్రతి ఒక్కరూ పాచిక వేసి, తమ బలానికి సంబంధించిన అంకె కలిపి, 15 తెచ్చుకోవాలి. రాకపోతే పడిపోతారు. అడుగున మోకాలి లోతు నీళ్లు, రెండు మొసళ్లు. కొండ మీది బావిలోకి మొసళ్లు ఎలా వచ్చాయని నేను అడగలేదు. అలాంటివి అడిగితే ఈ ఆటలు ఆడలేం.

మంత్రగత్తె పాత్ర ఒక నర్సింగ్ విద్యార్థినిది. రెండు సాయంత్రాలు కూర్చుని ఆ పాత్రను తయారుచేసుకుంది. తాతగారి తాళపత్రాలు చదివి మంత్రాలు నేర్చుకున్నదని కథ కూడా రాసుకుంది. "ముందు ఎవరు దిగుతారు?" అని గేమ్ మాస్టర్ అడగ్గానే తన దగ్గర వెలుగు మంత్రం ఉంది కదా అని చెయ్యెత్తింది. పాచిక మీద 9 పడింది. నియమం ప్రకారం ప్రతి పది అడుగుల పతనానికీ ఒక ఆరు ముఖాల పాచిక దెబ్బ. ఆరు పాచికలు కలిపి 22 వచ్చింది. ఆ పాత్ర ప్రాణబలం 17. స్పృహ తప్పింది. స్పృహ లేనివాళ్లను పక్కనే ఉండి కొడితే ప్రతి దెబ్బా చావుకు రెండు మెట్లు దగ్గర చేస్తుంది, మూడు మెట్లైతే మరణం. మొసళ్లు రెండు. ఆ అమ్మాయికి వంతు రానేలేదు. మొత్తం మూడు నిమిషాలు.

ఇది జరిగినప్పుడు నేను లేను. తర్వాత గేమ్ మాస్టర్ నాకు తన లెక్క చూపించాడు. నియమాల పట్టికలో మూడో లెవెల్ పాత్రలు ఐదుగురికి సులువైన పోరాటం అంటే శత్రువుల బలం 375 పాయింట్లు. రెండు మొసళ్లకు 200, జంటగా ఉన్నాయి కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే 300. "సులువు కన్నా తక్కువే అక్కా. నేనేం తప్పు చేశాను?" అన్నాడు. కూడికలో తప్పు లేదు. కానీ ఆ పట్టిక ఐదుగురూ ఒకేసారి నేల మీద నిలబడి ఆయుధాలు పట్టుకున్నారని అనుకుని వేసినది. బావిలో నలుగురు పైన, ఒకరు కింద. ఆ ఒక్కరికి అది సులువైన పోరాటం కాదు, ఉరి.

ఇంకో లెక్క అతను వేయలేదు, నేను వేసి చూపించాను. వాళ్ల ఐదుగురి అంకెలు +5, +3, +2, +1, -1. 15 తెచ్చుకునే అవకాశాలు వరసగా నూటికి 55, 45, 40, 35, 25. ఐదుగురూ క్షేమంగా దిగాలంటే వీటన్నిటినీ గుణించాలి. నూటికి ఒకటి కూడా రాలేదు. ఎవరో ఒకరు పడి తీరాలని ఘట్టం రాసి, పడినవాళ్లు చావాలని అడుగున ఏర్పాటు చేసి, దానికి సులువు అని పేరు పెట్టాడు. తెలియకే చేశాడు. నా మొదటి సాహసాల్లో ఇంతకన్నా ఘోరాలున్నాయి.

అట్ట తెర వెనక

నేను రాకముందే అతను ఒక చికిత్స మొదలుపెట్టాడు. తన ముందు అట్ట తెర నిలబెట్టి, దాని వెనక పాచిక వేసి, ఎవరి పాత్ర అయినా ప్రమాదంలో పడితే పడిన అంకెను మార్చి చెప్పడం. ఉద్దేశం దయే.

ఆటగాళ్లలో ఒకతను చార్టర్డ్ అకౌంటెన్సీ చదువుతూ ఆడిట్ పనికి వెళ్తుంటాడు. అలవాటు మానలేక నోటు పుస్తకం అంచున గీతలు గీశాడు. గాయపడ్డ పాత్ర మీదకు వచ్చిన దాడులు 12, తప్పినవి 11. ఆ పాత్ర కవచం 15, శత్రువు అంకె +4, అంటే పాచిక మీద 11 పడితే చాలు, సగం సగం అవకాశం. పన్నెండులో పదకొండుకు తక్కువ కాకుండా తప్పడం మూడు వందల ప్రయత్నాలకు ఒకసారి జరిగే మాట. ఆ పుస్తకం అతను ఎవరికీ చూపించలేదు, కానీ ఆడటం మానేశాడు. కుర్చీలో ఉంటాడు, వంతు రాగానే "కొడతాను" అంటాడు, అంతే.

నేను వెళ్లిన మొదటి వారం ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. ఐదుగురిలో ముగ్గురికి అంకెలు మారుతున్నాయని తెలుసు. శకుని పాచికలు మనకు అనుకూలంగా పడినా శకుని పాచికలే. గెలిచినా అది తమ గెలుపు కాదని వాళ్లకు తెలిసిపోయింది.

నేను వేసిన తప్పు మందు

ఇక్కడ నేను తొందరపడ్డాను. రెండు లక్షణాలు కనిపించాయి, రెండు మందులు రాశాను. నమ్మకం పోయింది కాబట్టి తెర తీసేసి అందరి ముందూ పాచిక వేయమన్నాను. పాత్రలు చనిపోతున్నాయి కాబట్టి శత్రువుల సంఖ్య తగ్గించి, తలా ఒక మందుసీసా ఇప్పించమన్నాను. తెర తీయడం సరైనదే, ఇప్పటికీ అదే అంటాను. రెండోది తప్పు.

తర్వాతి ఆదివారం పోరాటాలు రెండో రౌండులోనే ముగిశాయి. నలుగురి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. పై అంతస్తు గది, ఎండ, ఫ్యాను చప్పుడు. నిద్ర రానిది గేమ్ మాస్టర్‌కు ఒక్కడికే. సాయంత్రం ఐదు దాటాక ఒక నడవాలో యోధుడి పాత్ర అడుగు వేయగానే రాయి కుంగింది, గోడలోంచి బల్లేలు దూసుకొచ్చాయి. పాచిక అందరి కళ్ల ముందే బల్ల మీద దొర్లింది, యోధుడు కూలిపోయాడు. మందు పోసి లేపారు, చావలేదు. కానీ ఆ ఆటగాడు తన పాత్ర వివరాలున్న కాగితాన్ని మెల్లగా బల్ల మధ్యకు తోసి చేతులు కట్టుకున్నాడు.

అతను మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. మాటకారి కాదు. ఆట అయ్యాక మెట్ల మీద అడిగాను: "పాచిక దాచలేదు కదా, నీ ముందే పడింది కదా?"

"పాచిక గురించి కాదక్కా. మా దగ్గర మిర్చి టిక్కీ, అదే బస్తా, విప్పి మచ్చు చూపించకుండా ధర పెట్టమంటే ఎవరైనా పెడతారా? చూశాక కూడా నష్టపోయేవాళ్లు రోజూ ఉంటారు. వాళ్లు మమ్మల్ని తిట్టరు. పైన తేజ రకం మంచి కాయలు చూపించి అడుగున తాలు పోస్తే తిడతారు. ఆ నడవాలో నేను చూడాల్సినది ఏముంది? నడవక చేయగలిగింది ఏముంది?"

రైల్లో తిరిగి వస్తూ ఆ మాటే నమిలాను. నేనూ ఆ కుర్రాడూ ఇద్దరమూ న్యాయాన్ని పాచికలో వెతుకుతున్నాం. అతను పాచికను మెత్తబరిచాడు, నేను దాన్ని బయటపెట్టి శత్రువును మెత్తబరిచాను. ఆటగాడు అడుగుతున్నది పాచికకు ముందు జరిగే సంగతి.

పులిజూదం, వైకుంఠపాళి

తర్వాతి వారం ఆట ఆపించాను. గేమ్ మాస్టర్‌ను కూర్చోబెట్టి సుద్దముక్కతో నేల మీద పులిజూదం గీశాను. మూడు పులులు, పదిహేను మేకలు. రెండు పక్షాలకు బలం సమానం కాదు, నడక సమానం కాదు. అయినా మేకలతో ఆడి ఓడిపోయినవాళ్లు ఆట అన్యాయమని లేచిపోరు. ఉన్నదంతా గీతల మీదే కనిపిస్తోంది, ఏ మేకను ఎక్కడ పెట్టాలో తామే నిర్ణయించారు.

"మరి వైకుంఠపాళిలో పాములు కూడా కనిపిస్తూనే ఉంటాయి కదా?" అన్నాడు. మంచి ప్రశ్న, నేను అనుకోలేదు. పెద్ద పాము ఎక్కడుందో తెలుసు, కానీ దాన్ని తప్పించుకోవడానికి మనం చేసేది ఏమీ లేదు. అందుకే అది పిల్లలకు సరదా, పెద్దలకు కాలక్షేపం. చూపు ఒక్కటే చాలదు, చేయి కూడా ఉండాలి. అతని బావిలో రెండూ లేవు. "ఎవరు దిగుతారు?" అన్నది ప్రశ్నలా ఉంది కానీ ఎంపిక కాదు. లోతు తెలియదు, అడుగున ఏముందో తెలియదు, వేరే దారి లేదు.

అప్పుడు చాంతాడు సంగతి బయటపడింది. కొండవీటి చాంతాడంత అనే మాట చిన్నప్పటి నుంచి విన్నాడు కాబట్టే ఆ బావిని రాశాడట. తాడు సాహసంలో ఉంది కూడా! కాకపోతే కాపలా గదిలో ఒక రహస్య అరలో దాచాడు. కనిపెట్టాలంటే 20 రావాలి. బృందంలో అందరికన్నా చురుకైన కళ్లున్న పాత్రకు కూడా నూటికి 30 వంతులే. వాళ్లు వెతికారు, దొరకలేదు, తాడు లేకుండా దిగారు. కొండవీట్లో చాంతాడు లేని బావి!

ఎందుకు దాచావని అడిగాను. "వెతికితే దొరికే ఆనందం ఉంటుంది కదా అక్కా." ఉంటుంది. కానీ అదనంగా వచ్చే వాటిని దాచాలి. అది లేనిదే కథ ముందుకు పోదు అనిపించేదాన్ని పాచిక వెనక పెట్టకూడదు.

తిరగరాసిన బావి

ఆ రోజు ఇద్దరం కలిసి ఆ ఒక్క ఘట్టాన్నే నాలుగు గంటలు రాశాం.

తాడును గిలక పక్కనే పడేశాం, వచ్చినవాళ్లకు కనిపించేలా. కానీ పాతది. ఒకచోట మూడు పురుల్లో ఒకటి తెగి ఉంది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది, దానికి పాచిక అక్కర్లేదు. రహస్య అరలో తాడుకు బదులు ఒక రాగి రేకు పెట్టాం, దాని మీద కొండ వాలున ఉన్న దొంగమెట్ల దారి. దొరికితే లాభం, దొరకకపోతే నష్టం లేదు.

మొసళ్లకు మూడు ఆనవాళ్లు. గట్టున పడి ఉన్న చేద, దాని ఇనుప అంచు మీద పంటిగాట్లు. మేకలు కాసే ముసలాయన: పిల్ల బావిలో పడిన మరుక్షణం అరుపు ఆగిపోయిందని చెబుతాడు. కాగడా కిందకు విసిరితే నీళ్ల మీద మెరిసే రెండు జతల కళ్లు. మూడూ మూడు రకాలు కావాలని పట్టుబట్టాను: ఒకటి చూస్తే తెలిసేది, ఒకటి అడిగితే తెలిసేది, ఒకటి చేసి చూస్తే తెలిసేది. ఒక్క ఆనవాలు చాలదా అని అతనికి అనుమానం. రాసినవాడికి పట్టపగల్లా ఉన్న సంగతి బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు చీకటి. ఒకటి వినరు, ఒకటి అపార్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు.

దిగే పాచికను 10కి తగ్గించాం, తాడు ఉంది కదా. మంత్రగత్తెకు సగం సగం. పైనుంచి ఒకరు తాడు పట్టి సాయం చేస్తే నియమం ప్రకారం రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు, అప్పుడు నూటికి 75. తప్పితే పతనం కాదు. పది అడుగులు జర్రున జారతారు, రాళ్లు నీళ్లలో పడతాయి, కింద కదలిక మొదలవుతుంది. కథ ఆగదు, ఖరీదు పెరుగుతుంది. ఇంకో కట్టుబాటు: పాచిక చేతిలోకి తీసుకునేముందే గేమ్ మాస్టర్ ఆ ఖరీదు పైకి చెప్పాలి. ఇది అతనికి అన్నిటికన్నా కష్టమైంది. ముందే చెబితే ఉత్కంఠ పోతుందని భయం. నా అనుభవంలో జరిగేది వేరు. ఏం పోతుందో తెలియని పాచికను ఆటగాళ్లు విసిరేస్తారు. తెలిసిన పాచికను అరచేతిలో కాసేపు తిప్పుతారు.

నాలుగో వారం మళ్లీ బావి గట్టు. అదే బృందం, అప్పటికి నర్సింగ్ విద్యార్థిని కొత్త మంత్రగత్తెతో. జరిగిందంతా కల అని ఒప్పందం చేసుకున్నాం, చవకబారు ఉపాయమే. దాదాపు నలభై నిమిషాలు ఎవరూ పాచిక ముట్టలేదు. చేద పట్టుకుని తిప్పారు, కాగడా విసిరారు, మాంసం కట్టి మొసళ్లను ఒక పక్కకు లాగుదామా అని వాదించుకున్నారు. గేమ్ మాస్టర్ నా వైపు దిగులుగా చూశాడు, ఏమీ జరగడం లేదని. జరుగుతున్నది అదే.

అంతలో మంత్రగత్తె, తెగిన పురిని అతికించే చిన్న మంత్రం తన దగ్గర ఉందని చెప్పింది. మేమిద్దరం నాలుగు గంటలు కూర్చుని రాసిన ఇబ్బంది ఒక్క వాక్యంతో పోయింది! గేమ్ మాస్టర్ నోరు తెరిచాడు, ఆ తాడుకు శాపం ఉందనో ఏదో అనబోయాడు. నేను తల అడ్డంగా ఊపాను. నియమంలో ఉన్న మంత్రం, ఆమె ఎంచుకున్న మంత్రం, సరైన సమయానికి గుర్తొచ్చింది. "అతుక్కుంది" అన్నాడు, కొంచెం ఏడుపు గొంతుతో. గదిలో కేకలు. ఆడిట్ కుర్రాడు ఆ రోజు మొదటిసారి పూర్తి వాక్యం మాట్లాడాడు.

కుదరనివి

మేకల కాపరి మొదటి రూపంలో హరికథ చెప్పాడు. ఆనవాళ్లు ఇవ్వమన్నాను కదా అని కుర్రాడు ఆయన చేత బావి చరిత్ర, రాజుల చరిత్ర, మొసళ్ల బరువు అన్నీ చెప్పించాడు. ఆటగాళ్లకు తాము కనిపెట్టామన్న తృప్తి లేకుండా పోయింది. తర్వాత ఆయనకు రెండు వాక్యాల పరిమితి పెట్టాం. ఆనవాలు ప్రమాదం ఉందని చెప్పాలి, ఏం చేయాలో చెప్పకూడదు. ఆ గీత ఎక్కడుందో ఇప్పటికీ నాకు ప్రతిసారీ బల్ల దగ్గరే తేలుతుంది.

పోరాటాలంటే ఇష్టపడే ఒక ఆటగాడికి ఈ మంతనాలు విసుగు. అతని కోసం ప్రతి పూటా ఒక మొహమాటం లేని కత్తియుద్ధం ఉంచమన్నాను. అయినా ఐదో వారం తర్వాత అతను రావడం మానేశాడు. పరీక్షలన్నాడు. పరీక్షలే కావచ్చు.

నడవాలోని బల్లేలను తీసేయమని గుమాస్తా అడగలేదు, మేమూ తీయలేదు. ఒక బల్లేనికి గుచ్చుకుని ఎండిన ఎలుకను పెట్టాం. అంతే.

ఆరో వారం నేలమాళిగ. అందులో ఒక రాతి భూతం నిద్రపోతోంది. దాన్ని ఓడించే శక్తి వీళ్లకు లేదు, ఉండాలని కూడా రాయలేదు. తలుపు మీద హెచ్చరిక, గడప దగ్గర నుజ్జయిన కవచాలు, ఊపిరికి అదిరే నేల. వాళ్లు చూశారు, లెక్క వేశారు, చప్పుడు చేయకుండా పెట్టె తీసుకుని వెనక్కి వస్తుండగా ఆడిట్ కుర్రాడి పాత్ర కాలికి గొలుసు తగిలింది. భూతం లేచింది. రాతి తలుపును ఒకరు లోపలి నుంచి పట్టుకుంటేనే మిగతావాళ్లు చాంతాడు ఎక్కగలరు. గేమ్ మాస్టర్ ఖరీదు పైకి చెప్పాడు: 14 రాకపోతే తలుపు పట్టుకున్నవాళ్లు ఇక రారు.

"నేనుంటాను" అంది నర్సింగ్ విద్యార్థిని.

పాచికను అరచేతుల మధ్య చాలాసేపు తిప్పింది. బల్ల మీద 6 పడింది. గేమ్ మాస్టర్ చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు కదిలింది, ఒకప్పుడు అట్ట తెర ఉండే చోటికి. అక్కడ పల్లీల పొట్లం తప్ప ఏమీ లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ మంత్రగత్తె ఎలా పోయిందో నెమ్మదిగా, వివరంగా చెప్పాడు. గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు, ఫ్యాను దుమ్ము అన్నాడు.

ఆమె ఖాళీ క్యారెక్టర్ షీట్ ఒకటి అడిగి తీసుకుంది. గడులన్నీ ఒక్కొక్కటిగా నింపుకుంటూ వచ్చింది. పేరు రాసే గడి మాత్రం అలాగే వదిలేసి, సంచిలో పెట్టుకుని లేచింది.